కాల్డ్వెల్ ‘సిథియన్’ వాదం: ఒక పరిశీలన

పొన్నూరు బస్టాండులో ఎవరినైనా పలకరిస్తే వినిపించే మాటతో ఈ భాగాన్ని మొదలుపెడదాం: ‘గుంటూరు నుంచి వచ్చాను, పొన్నూరులో దిగాను, బాపట్లకు వెళ్ళాలి.’ ఊరి పేరు ముందుంది. నుంచి, లో, కు దాని వెనక చేరాయి. ఇప్పుడు ఫిన్లాండులోని తుర్కు పట్టణం పేరు చూడండి. తుర్కులో ఉన్నవాడు ‘తురుస్స’ అంటాడు, అక్కడి నుంచి వచ్చినవాడు ‘తురుస్త’ అంటాడు, అక్కడికి వెళ్ళేవాడు ‘తుర్కూన్’ అంటాడు. మొదటి రెండింటిలో ప్రత్యయం చేరగానే పేరులోని కకారం పోయింది. మనకూ ‘నీరు’ మీద ‘లో’ చేరితే ‘నీటిలో’ అవుతుంది. ఫిన్నిష్‌లో నీరు ‘వెసి’, నీటి అనడానికి ‘వెదెన్’. ఈ పోలికలు చూస్తే ఎవరికైనా ఇది చుట్టరికమేనా అనిపిస్తుంది.

రాబర్ట్ కాల్డ్వెల్‌కు అలాగే అనిపించింది. 1856లో వెలువడిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో ఆయన ద్రావిడ భాషలను ‘సిథియన్’ అనే పెద్ద వర్గానికి దగ్గర చేశాడు. టర్కిష్, మంగోలియన్ భాషలతో పాటు ఫిన్నిష్, హంగేరియన్ భాషలున్న ఫిన్నో-ఉగ్రిక్ శాఖ కూడా ఆ వర్గంలోదే. మనకు మరీ దగ్గర ఈ శాఖేనని ఆయన అభిప్రాయం. ప్రత్యయాలు వెనక చేరడం, ‘చదివిన పుస్తకం’ వంటి నిర్మాణాలు, అచ్చుల సామరస్యం ఆయన చూపిన ఆధారాల్లో ముఖ్యమైనవి. ‘తెలుగు ఫిన్నిష్‌కు సోదర భాష’ అని జవాబు పత్రాల్లో రాసే విద్యార్థులు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి ఈ ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయో చూడాలి.

ఫిన్నిష్, హంగేరియన్ నిజంగానే బంధువులు. ఆ సంగతి ఎలా తెలిసింది? చేప ఫిన్నిష్‌లో ‘కల’, హంగేరియన్‌లో ‘హల్’. మూడు అక్కడ ‘కొల్మె’, ఇక్కడ ‘హారొమ్’. గుడిసెకు ఫిన్నిష్ మాట ‘కొత’, ఇంటికి హంగేరియన్ మాట ‘హాజ్’. అక్కడ కకారం ఉన్నచోట ఇక్కడ హకారం వస్తోంది. ఇది ఒక్క మాటకు జరిగిన యాదృచ్ఛికం కాదు, ఒక క్రమం. మన కుటుంబంలోనూ ఇలాంటి క్రమం ఉంది. తెలుగు పాలు, పులి, పాము కన్నడంలో హాలు, హులి, హావు. చుట్టరికానికి రుజువు ఇటువంటి ధ్వని క్రమమే.

నిర్మాణ సామ్యం ఒక్కటే చాలనుకుంటే ఏమవుతుందో గమనించండి. ‘పెద్ద ఇంట్లో’ అనడానికి ఫిన్నిష్ ‘ఇసొస్స తలొస్స’ అంటుంది. అంటే ‘పెద్దలో ఇంట్లో’. విశేషణానికి కూడా విభక్తి తగిలించాలి. హంగేరియన్‌కు ఆ అవసరం లేదు. ‘నద్య్ హాజ్‌బన్’ అంటే సరిపోతుంది, అచ్చం మన ‘పెద్ద ఇంట్లో’ లాగే. ఈ లెక్కన హంగేరియన్ తన సొంత బంధువైన ఫిన్నిష్‌ను వదిలి మన ఇంటికి రావాలి! అలాగే ‘నాకు ఇల్లు ఉంది’ అనే పద్ధతి ఫిన్నిష్‌లో, హంగేరియన్‌లో ఉందని సంబరపడితే, రష్యన్‌లోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. అది ఇండో-యూరోపియన్ భాష.

అచ్చుల సామరస్యం విషయం కొంత నిదానంగా చదవండి. హంగేరియన్‌లో ‘ఇంట్లో’ హాజ్‌బన్, ‘తోటలో’ కెర్ట్‌బెన్. ప్రకృతిలోని అచ్చును బట్టి ప్రత్యయం బన్ అనో బెన్ అనో మారింది. తెలుగులో ‘గురువుకు’ అంటాం గాని ‘పులికు’ అనం, ‘పులికి’ అంటాం. ఇకారం తర్వాత కు, కి అవుతుందని 1858 నాటి బాలవ్యాకరణంలోనే సూత్రం ఉంది. ఇంతవరకు పోలిక బాగుంది. కాని బహువచనం చేర్చి చూడండి: పులి + లు = పులులు. ఇక్కడ ప్రకృతే ప్రత్యయానికి లొంగింది. హంగేరియన్‌లో ప్రకృతి అచ్చులు ప్రత్యయం కోసం ఇలా మారవు. పేరు ఒకటే అయినా రెండు చోట్లా జరిగే పని వేరు. ఈ తేడాకు కాల్డ్వెల్ ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

ఆయన నమ్ముకున్న మరో ఆధారం బెహిస్తూన్ శాసనం. దానిలోని ఒక పాఠాన్ని ఆ రోజుల్లో సిథియన్ అనేవారు. అది ఎలామైట్ భాష అని తర్వాత తేలింది. దీనికి ఆయనను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ కాలానికి అందిన సమాచారం అదే. కాని మొదటి విషయంలో ఆయనకు ఆ మినహాయింపు ఇవ్వలేం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో ఎల్లిస్ చెప్పినదాన్ని విస్తారంగా నిరూపించిన గ్రంథం ఇదే. తమిళం, తెలుగు, కన్నడాల మధ్య మాట మాటనూ పట్టి చూసిన పండితుడు ఫిన్లాండు పొలిమేర చేరేసరికి ఆ తక్కెడను పక్కన పెట్టాడు.

తర్వాతివారు దాన్ని మళ్ళీ చేతికి తీసుకున్నారు. 1940లలో బరో శరీరావయవాల పేర్లతో, 1968లో టైలర్ మరిన్ని పదాలతో ద్రావిడ, ఉరాలిక్ భాషలను పోల్చారు. ఉరాలిక్ అంటే ఫిన్నో-ఉగ్రిక్‌ను కలుపుకున్న పెద్ద కుటుంబం. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 2003 నాటి తన ద్రావిడ భాషల గ్రంథంలో ఈ చుట్టరికం రుజువైనట్టు అంగీకరించలేదు. మీరు ఆ పద పట్టికలను చదివేటప్పుడు రెండు మాటలు ఎంత దగ్గరగా వినిపిస్తున్నాయో చూసి ఊరుకోకండి. అదే ధ్వని మార్పు మరో పది మాటల్లోనూ వస్తోందా అని వెతకండి.