పాలపిట్టకు ఎంత నీలం కావాలి?

ఫిబ్రవరి చివర మోదుగ చెట్టుకు ఆకులుండవు, కొమ్మలన్నీ నారింజే. ఆ కొమ్మ మీద పాలపిట్టను కూర్చోబెట్టి ఆయిల్ రంగుల్లో వేయాలని ఉబలాటపడని చిత్రకారుడు మా తెలంగాణలో తక్కువ. నేనూ వేస్తుంటాను. వేసేకొద్దీ నాకు ఖాయమైన మాట ఒక్కటే: ఈ బొమ్మలో అందరూ నీలం ఎక్కువ పూస్తారు.

వాలి ఉన్న పాలపిట్టను కాస్త ఓపిగ్గా చూడండి. రొమ్ము గోధుమరంగు, వీపు మట్టిరంగు. నడినెత్తిన, రెక్కల దగ్గర, తోక కింద కొంత నీలం. అసలు నీలమంతా ఎగిరినప్పుడే విచ్చుకుంటుంది. అదీ ఈకలో ఉన్న రంగుపదార్థం కాదు, ఈక లోపలి అతిసన్నని అల్లికలో వెలుగు చెదిరితే పుట్టేది. కోబాల్ట్ బ్లూ ట్యూబంతా పిండినా రాదు. పక్కన మోదుగ నారింజ ఉందా, బూడిద కలిపిన నీలం కూడా మెరుస్తుంది.

అందుకే నేను ముందు పూలే వేస్తాను. కాడ్మియం ఆరెంజ్, తొడిమ దగ్గర మఖమల్ లాంటి ముదురు గోధుమ. ఆ ముదురు లేకపోతే పువ్వు వెలగదు. తర్వాత ఆగాలి. ఆయిల్ రంగు నీటిరంగులా ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. తడి నారింజ మీద నీలం పెట్టారంటే మిగిలేది బురదే. పైపొరలో నూనె కిందిపొర కంటే ఎక్కువ ఉండాలి, తిరగేస్తే ఎప్పుడో ఒకప్పుడు పగుళ్లిస్తుంది.

రంగు వాడకంలో పిసినారితనం నేర్చుకోవాలంటే డచ్ చిత్రకారుడు కారెల్ ఫాబ్రీషియస్ 1654లో వేసిన గోల్డ్‌ఫించ్ పిట్టను చూడాలి. హేగ్‌లోని మారిత్స్‌హౌస్‌లో ఉంది, ఎత్తు 33.5 సెంటీమీటర్లే. అంతా గోధుమ, బూడిద. రెక్కలో మాత్రం ఒక పసుపు పూత. అది తడిగా ఉండగానే కుంచె వెనక కొసతో గీసి వదిలేశాడు.

అన్నట్టు, కొన్ని బొమ్మల్లో పాలపిట్ట మోదుగపువ్వులో ముక్కు పెట్టి తేనె తాగుతుంటుంది. పాపం, అది మిడతలు తినే పిట్ట! తేనెకు వచ్చేవి గోరింకలు, తేనెపిట్టలు. ఆకుల్లేని కొమ్మ మీంచి నేల మీది పురుగు బాగా కనిపిస్తుందని ఇది వాలుతుంది.

ఇంకో మాట. దసరాకు పంజరంలో పెట్టి చూపించే పాలపిట్టకు డబ్బులిచ్చి, దాన్ని చూసి బొమ్మ వేయకండి. దాన్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పొలాల పక్క కరెంటు తీగ మీద ఉచితంగానే కూర్చుంటుంది, స్కెచ్ పుస్తకం పట్టుకుని అక్కడికే వెళ్లండి.