కుక్కవామింటా, రా!

తొలకరి పడిన వారం తిరక్కముందే లేస్తావు తల్లీ. విత్తనం చల్లిన చెయ్యి లేదు, నీళ్లు కట్టిన మనిషి లేడు. సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట పోయే రోడ్డు వారన, పామాయిల్ తోటల కంచె కింద, బేతుపల్లి చెరువు దిక్కు మెట్ట చేలల్లో, పత్తి సాళ్ల నడుమ పసుప్పచ్చగా నిలబడతావు. నాలుగే రేకుల పువ్వు. ఆవపువ్వుకూ నాలుగే, కానీ అది నలుదిక్కులా పరుచుకుంటుంది. నువ్వు నాలుగింటినీ పైకి ఎగదోసి, కేసరాలను గుత్తిగా ముందుకు చాపుతావు. పొద్దున విప్పారినదాన్ని పొద్దు గూకేసరికి వదిలేస్తావు. రేపటికి ఇంకో మొగ్గ సిద్ధం.

నీ అక్క తెల్లపూల వామింటకు మనవాళ్లు వంటింట్లో పీట వేశారు, చేదు వంచి పప్పులోనో పులుసులోనో కలుపుకున్నారు. నీ పేరు ముందు మాత్రం కుక్కను తగిలించి గట్టు మీదే ఉంచారు. 1753లో స్వీడన్‌లో లినేయస్ నిన్ను క్లియోమ్ విస్కోసా అని తన గ్రంథానికి ఎక్కించాడు. ఇక్కడ నీ వైభవం తెలిసినవాళ్లు తక్కువ. వృక్షశాస్త్రం లెక్కన నువ్వు ఆవాల కుటుంబానికి దగ్గరి దాయాదివి. ఆ ఘాటు మీ ఇంటిదే. కొన్నిచోట్ల నీ గింజను ఆవాలకు బదులు తాలింపులో వేస్తారంటే నాకు వింత అనిపించదు.

నిన్ను దూరం నుంచి చూసినవాడికి నువ్వు సగమే తెలుస్తావు. కాడ పట్టుకోవాలి. ఒళ్లంతా సన్నటి నూగు, నూగు కొసకొసనా జిగురు. వేళ్లకు అంటితే ఒక పట్టాన వదలదు, వాసన అంతకన్నా మొండిది. ఆ జిగురులో ఇరుక్కుపోయిన చిన్న చిన్న పురుగులు నల్లటి చుక్కలై కనబడతాయి. కింది ఆకుకు ఐదు దళాలు, పైకి ఎక్కేకొద్దీ మూడు. కాయ పెసరకాయ కంటే సన్నం, నిటారుగా ఆకాశం కేసి నిలుస్తుంది. పండాక కొస దగ్గర నోరు తెరుస్తుంది. లోపలి గింజను అరచేతిలో వేసుకుని ఎండకు పట్టి చూస్తే, నత్తగుల్లలా చుట్టుకుని, మీద సన్నటి గీతలతో, గోధుమ నలుపు రంగులో ఉంటుంది.

నిన్ను పెంచాలనుకునేవాడికి పని తక్కువ, ఓర్పు ఎక్కువ కావాలి. కొత్త గింజ వెంటనే మొలవదు, మొండికేస్తుంది. దాన్ని ఎండాకాలం దాటనిచ్చి, మృగశిర కార్తెలో వానకు మెత్తబడిన నేలను పైపైన గీరి చల్లితే చాలు. లోతుకు పూడ్చొద్దు. ఎరువు అక్కర్లేదు. నీడ పడితే సాగిపోయి వాలిపోతావు, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఒత్తుగా లేచినచోట కొన్ని పీకి దూరం చెయ్యాలి. ఆ తర్వాత చెయ్యాల్సిందల్లా గడ్డిమందు డబ్బాను నీ దిక్కు రానివ్వకపోవడమే. నా చేలో కలుపుకు వచ్చిన ఆడవాళ్లు నన్ను చూసి నవ్వారు. “ఇదేంది సారూ, కలుపుకు కూడా కాపలానా?”

“ఆ గట్టు వరకు ముట్టుకోమాకండి అక్కా.”

“మీ గట్టు, మీ ఇష్టం. చేలోకి దిగిందంటే మాత్రం ఊరుకోం.”

న్యాయమే. పత్తి మొక్క తిండిలో నీకు వాటా ఇవ్వమని నేనూ అడగను. గట్టు చాలు. తెల్ల సీతాకోకచిలుక వచ్చి నీ ఆకు కింద గుడ్డు పెట్టి పోతే, పుట్టిన పురుగు నాలుగాకులు కొరుక్కుంటే, దానికీ మందు కొట్టను.

చెవిపోటుకు నీ ఆకు పసరు పిండేవాళ్లు ఉన్నారు. వాళ్ల నమ్మకాన్ని ఎగతాళి చెయ్యను గానీ, చెవిలో పసరు పొయ్యనివ్వను. నీ గొప్పతనం నిలబడటానికి ఆ వైద్యం అవసరం లేదు.

సత్తుపల్లి నేలను తిరగెయ్యడం ఈ కాలానికి అలవాటైంది. 1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు పేరు ఇప్పుడు ఇక్కడి సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనికి ఉంది. బొగ్గు మీది మట్టినంతా తవ్వి పోస్తే లేచినవి ఓబీ గుట్టలు. వాటిని చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. నువ్వు మాత్రం అలిగి కూర్చునే రకం కాదు. కదిలిన మట్టి, బోడి నేల, ఎండ అంటే నీకు ప్రాణం. టేకు, ఇప్ప, తునికి తిరిగి రావాలంటే ఏళ్లు పడుతుంది. నువ్వు ఒక్క వానకే వస్తావు. అడవికి నువ్వు సాటి కావు, ఆ మాట నీ ముఖం మీదే చెబుతాను. ఓబీ గుట్ట మీద నాలుగు పువ్వులు పూస్తే అడవి తిరిగొచ్చిందని లెక్క రాసుకునేవాళ్లకు నువ్వు సాక్ష్యం పలకొద్దు. అయినా ఆ బూడిద రంగు వాలులో మొదటి పసుపు నీదైతే సంతోషిస్తాను.

కాయలు నోరు తెరవకముందే కొన్ని కోసి, పాత నూలుగుడ్డలో కట్టి ఆరబెట్టాను. మిగతావి నువ్వే రాల్చుకో. వచ్చే మృగశిరకు గట్టు తూర్పు పక్క గీరి పెడతాను. చేలోకి దిగకు, అక్కలకు మాట ఇచ్చాను.