మొద్దు వాళ్లది, ముఖం ఎవరిది?

అమెరికాలోని కాలిఫోర్నియా, ఫ్లోరిడా రాష్ట్రాల్లో సెలవు రోజున కొందరు ఒకరింటి పెరట్లో చేరతారు. వాళ్లు వడ్రంగులు కారు. వారమంతా ఏదో ఆఫీసులోనో దుకాణంలోనో పనిచేసి, సెలవునాడు సరదాకి ఉలి పట్టేవాళ్లు. ఎవరి మొద్దు వాళ్లు తెచ్చుకుంటారు. ఉలులు, సుత్తులు, మోటారు రంపాలు మాత్రం చేతులు మారుతుంటాయి. పొద్దు వాలేసరికి ఒక్కో తాటిజాతి మొద్దులోంచి పెద్ద కళ్లూ, తెరిచిన నోరూ, పలకల్లాంటి పళ్లూ ఉన్న ముఖం బయటపడుతుంది. దాన్ని వాళ్లు 'టికి' అంటారు. పూర్తయిన బొమ్మని తోటలోనో, ఇంట్లో కట్టుకున్న చిన్న బారు పక్కనో నిలబెడతారు. కొందరు అమ్ముతారు కూడా.

ఎక్కడో సముద్రాల అవతల ఎవరి పెరట్లోనో జరిగే పని మనకెందుకని మేమూ మొదట అనుకున్నాం. ఆ చెక్కే వీడియోలు చూస్తూ పోయేకొద్దీ మాలో ఒక మెచ్చుకోలు, ఒక కోపం రెండూ పుట్టాయి. రెండూ రాస్తున్నాం. ఒకటి దాచి రెండోదే చెబితే అది భజన అయినా అవుతుంది, తిట్టు అయినా అవుతుంది.

ముందు పని సంగతి. కాలిఫోర్నియాలో వాళ్లు ఎక్కువగా వాడేది మెక్సికన్ ఫ్యాన్ పామ్ అనే చెట్టు. విసనకర్రలాంటి ఆకులుండే ఈ చెట్టు మన తాటికి దూరపు చుట్టం. అక్కడి వీధుల వెంట వరసలుగా నాటారు. కొట్టేశాక అది కలపకీ పొయ్యిలోకీ పెద్దగా పనికిరాదు కాబట్టి మొద్దులు చవగ్గా, ఒక్కోసారి ఊరికే దొరుకుతాయి. తాటి దూలం కోసిన మన ఊళ్లవాళ్లకి దీని స్వభావం చెప్పక్కర్లేదు. టేకుకీ మద్దికీ చేవ లోపల ఉంటుంది. తాటికి చేవ బయట ఉంటుంది, లోపలంతా మెత్తటి దవ్వ. వయసు చెప్పే వలయాలుండవు, నిలువునా నారపోగులే. ఎండితే ఆ పోగులు ఉలి అంచుని తినేస్తాయి కాబట్టి పచ్చిగా ఉండగానే చెక్కాలి. పచ్చి మొద్దు నిండా నీళ్లు. ఇద్దరు ముగ్గురు పట్టకపోతే కదలదు. వీళ్లు గుంపుగా చేరడానికి అదీ ఒక కారణమేనేమో.

మొద్దుని నిలబెట్టి నడిమి గీత గీస్తారు. దానికి అటూ ఇటూ సమంగా కనుబొమలు, ముక్కు, నోరు గుర్తుపెడతారు. లోతు కోతలు రంపంతో, తర్వాత వెడల్పు ఉలి, ఆపైన బోలు ఉలి. నారకి అడ్డంగా కొడితే పోగులు పీచుగా లేస్తాయి. నిలువునా గట్టిగా కొడితే పెచ్చు మొత్తం ఊడి వస్తుంది. కొత్తవాడి బొమ్మకి ముక్కు అలా ఊడిపోతే, పక్కవాడు వచ్చి ముఖాన్ని ఒక అంగుళం లోపలికి జరిపి మళ్లీ మొదలెట్టడం చూపిస్తాడు. చెక్కాక గ్యాస్ మంటతో పైపైన కాలుస్తారు. ఇనుప తీగల బ్రష్షుతో రుద్దితే మసితో పాటు మెత్తటి భాగం రాలిపోయి నారగీతలు ఉబ్బెత్తుగా తేలతాయి. ఆ తర్వాత రంగు, నూనె, వార్నిష్. ఎండేటప్పుడు బీటలు పడకుండా కొందరు లోపలి దవ్వని తొలిచేస్తారు. బూజు పట్టకుండా కాచుకోవడం ఇంకో తలనొప్పి.

ఇందులో మాకు నచ్చింది నేర్పే తీరు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. తెలిసినవాడి పక్కన నిలబడితే చాలు. ఒకప్పుడు మన గూడేల్లో డోలు తొలిచినా, నాగలి చెక్కినా, ఇంటికి నిట్టాడు నిలబెట్టినా ఇలాగే నలుగురూ చేరేవాళ్లు. పిల్లలు చుట్టూ తిరుగుతూ, చెక్క ముక్కలు ఏరుతూ, ఎవరూ నేర్పకుండానే నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు ఒక శిక్షణ శిబిరం పెడతారు, బ్యానరు ముందు ఫొటో తీస్తారు, చేతిలో కిట్టు పెట్టి పంపేస్తారు. ఆ కిట్టులోని ఉలి చాలా ఇళ్లలో అటక మీద తుప్పు పడుతోంది. మనం పోగొట్టుకుంటున్న అలవాటుని వాళ్లు సరదా కోసం కొత్తగా తెచ్చుకున్నారు. ఈ మాట ఒప్పుకోవడం మాకు కొంచెం కష్టంగానే ఉంది.

ఇక ముఖం సంగతి. టికి అమెరికా మాట కాదు. పసిఫిక్ మహాసముద్రపు దీవుల్లో ఉండే పాలినేషియా ప్రజల మాట. న్యూజిలాండ్ మావోరీల కథల్లో టికి మొదటి మనిషి. వాళ్లు మెడలో వేసుకునే పచ్చరాతి మనిషి రూపాన్ని హేయి టికి అంటారు. అది ఒక తరం నుంచి ఇంకో తరానికి అందే కుటుంబపు సొత్తు. మార్కెసస్ దీవుల్లో టికి అంటే దైవమైపోయిన పూర్వీకుడి రూపం. అక్కడి హివా ఓవా దీవిలో, పువామావు దగ్గర నిలబడి ఉన్న పెద్ద రాతి టికికి తకాయీ అని పేరుంది. అది ఒక నాయకుడి పేరు. ఇదే మాట తాహితీలో తీయీ, హవాయిలో కీయీ. అంటే ఆ ముఖం వెనక ఒక వంశం, ఒక ఊరు, ఒక కథ ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే అది బొమ్మ కాదు, ఇలవేల్పు.

హవాయి గుళ్లలో నిలబెట్టే కొయ్య మూర్తులకి ఒహియా చెట్టుని ఎంచుకునేవారు. ఆ చెట్టుని అడవిలో కొట్టడం దగ్గర్నుంచే పూజారుల తంతు మొదలయ్యేది. 1819లో కమెహమెహా రాజు చనిపోయాక, కొడుకు లిహోలిహో, రాణి కాఅహుమను పాత కట్టుబాట్లని రద్దు చేసి గుళ్లని, మూర్తుల్ని తీసేయమన్నారు. చాలా మూర్తులు మంటల్లో పోయాయి. మరుసటి ఏడాదే అమెరికా మిషనరీలు ఓడ దిగారు. కూ అనే దేవుడి భారీ కొయ్య మూర్తులు మూడంటే మూడే మిగిలాయి. ఒకటి హోనలులులోని బిషప్ మ్యూజియంలో ఉంది. మిగతా రెండూ దూరదేశాల పాలయ్యాయి, ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, ఇంకొకటి అమెరికా తూర్పు తీరాన సేలం పట్టణంలోని పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో. 2010లో మూడింటినీ హోనలులులో పక్కపక్కన నిలబెట్టారు. అందులో ఇద్దరు దేవుళ్లు సొంత గడ్డకి అతిథులుగా వచ్చి, గడువు తీరాక తిరిగి వెళ్లిపోయారు.

ఇలాంటి ముఖం బారు గుమ్మం దగ్గరికి ఎలా చేరింది? 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశారు. ఆ రోజుల్లోనే హాలీవుడ్‌లో ఎర్నెస్ట్ గాంట్ అనే ఆయన దీవుల వాతావరణం కనిపించేలా అలంకరించి 'బీచ్‌కూంబర్' బారు తెరిచాడు. తర్వాత తన పేరే డాన్ బీచ్ అని మార్చుకున్నాడు. ఓక్లాండ్‌లో విక్టర్ బర్జెరాన్ అనే ఆయన 'ట్రేడర్ విక్' అయ్యాడు. వాళ్లు అమ్మిన రమ్ము కరీబియన్‌ది, వంటలు ఎక్కువగా చైనావి, గోడల మీద ముఖాలు పసిఫిక్‌వి. తాగేవాడికి ఆ తేడా పట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దీవుల్లో పనిచేసి వచ్చిన సైనికుల జ్ఞాపకాలు, 1947లో జేమ్స్ మిచెనర్ కథల పుస్తకం, అదే ఏడాది థోర్ హెయర్డాల్ చేసిన కోన్-టికి తెప్ప ప్రయాణం, 1959లో హవాయి అమెరికా రాష్ట్రం కావడం, ఇవన్నీ ఆ మోజుని ఎగదోశాయి. 1963 నాటికి డిస్నీలాండ్‌లో పక్షులూ టికిలూ పాటలు పాడే గది కూడా వచ్చింది.

సరదాగా వినిపించే ఈ కథలో రెండు తేదీలు తరచూ జారిపోతుంటాయి. 1893లో హవాయి రాణి లిలియుఒకలానిని అమెరికన్ వ్యాపారుల ముఠా, అమెరికా నావికాదళం అండ చూసుకుని గద్దె దించింది. 1898లో ఆ దేశాన్ని అమెరికా తనలో కలిపేసుకుంది. ఆ రెంటి మధ్యలో బడుల్లో ఇంగ్లీషే బోధన భాష అయింది. రాజ్యం పోయింది, భాష బడి గడప దిగింది, దేవుళ్లు మ్యూజియం పాలయ్యారు. ఇంకో రెండు తరాలు గడిచేసరికి అదే ముఖం పింగాణీ కప్పు అయి, అందులో మద్యం పోసి ఇవ్వడం మొదలైంది.

చరిత్ర పక్కనపెట్టి బొమ్మల్ని బొమ్మలుగా చూసినా మా అభ్యంతరం పోదు. మేం చూసిన చాలా వాటిలో గుండ్రటి పెద్ద కళ్లు మార్కెసస్‌వి, ఎనిమిది అంకెలా తిరిగిన నోరు హవాయిది, పొడుగు నుదురూ ముక్కూ రాపనుయి రాతి మూర్తులవి, చెంపల మీది చుట్టలు మావోరీలవి. ఈ దీవుల మధ్య వేల మైళ్ల సముద్రం ఉంది. మనకి తెలిసినట్టు చెప్పుకుందాం. కొమ్ము కోయల దున్న కొమ్ములు, వాటి కింద గుస్సాడి నెమలి పింఛాలు, ఒంటి మీద సవర గోడచిత్రాల మనుషులు, నడుముకి లంబాడీ అద్దాలు ఒకే బొమ్మకి తగిలించి 'ట్రైబల్' అని పేరు పెడితే ఎలా ఉంటుంది? ఉంటుంది కాదు, ఉంది. అలాంటి గోడబొమ్మలు మన ఏజెన్సీ దారుల్లోని రిసార్టుల మీదే చూశాం.

ఇంకోటి ఆ నోరు. కూ యుద్ధానికి సంబంధించిన దేవుడు. ఆ మూర్తి తెరిచిన నోరు చూస్తే ఇప్పటికీ వెన్ను నిటారవుతుంది. పెరటి మొద్దు మీద అదే నోరు ఇకిలింపు అయింది. తాటి నార సన్నటి పనిని నిలుపుకోదు కాబట్టి గీతలు మొరటుగా, లోతుగా ఉండాల్సిందే. అది కలప గుణం, చెక్కేవాడి తప్పు కాదు. ఇకిలింపు మాత్రం కలప గుణం కాదు.

వాళ్ల వాదనా వినాలి. 'పాలినేషియా దేవుణ్ణి చెక్కుతున్నామని మేమెప్పుడన్నాం, ఇది అమెరికాలో పుట్టిన జానపద కళ' అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. కాలిఫోర్నియాలోని విటియర్‌లో 1956లో లెరోయ్ ష్మాల్జ్, బాబ్ వాన్ ఓస్టింగ్ మొదలెట్టిన ఓషియానిక్ ఆర్ట్స్ 2021 దాకా బార్లకీ హోటళ్లకీ బొమ్మలు చెక్కి ఇచ్చింది. అరవై ఏళ్లు దాటిన పనిని ఉత్త నకలు అని కొట్టెయ్యలేం. కొందరు మ్యూజియం పుస్తకాలు ముందేసుకుని, ఏ గీత ఏ దీవిదో విడివిడిగా నేర్చుకుని చెక్కుతున్నారు. వాళ్ల బొమ్మలు నవ్వవు. ఈ మధ్య కొన్ని బార్లు టికి అనే మాటే వదిలేసి 'ట్రాపికల్' అని చెప్పుకుంటున్నాయి. మా ప్రశ్న ఒక్కటే. అమెరికా కళ అయితే అమెరికా పేరు పెట్టుకోవచ్చు కదా? పేరు తీసేస్తే బొమ్మకి గిరాకీ తగ్గుతుందనే భయం ఉంటే ఆ పేరుకి విలువ ఉన్నట్టే. విలువ ఉంటే అసలువాళ్లకి వాటా ఉన్నట్టే.

ఆ అసలువాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. న్యూజిలాండ్‌లో మావోరీ నాయకుడు అపిరానా న్గాటా 1926లో చట్టం తెప్పించి, రొటొరువాలో చెక్కడం నేర్పే బడి పెట్టించాడు. అక్కడ తయారైన చేతులు ఎన్నో ఊళ్ల సభామందిరాలకి స్తంభాలు చెక్కాయి. 2001లో లెగో కంపెనీ బయోనికిల్ ఆటబొమ్మలకి మావోరీ మాటల్ని పేర్లుగా వాడుకుంటే లాయరు ద్వారా అడ్డు చెప్పారు, కంపెనీ కొన్ని పేర్లు మార్చుకుంది. 2002 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలో, మావోరీ గుర్తుల మీద సలహా ఇచ్చే సంఘానికి చోటు దక్కింది. అమెరికాలోనూ 1990లో ఒక చట్టం వచ్చింది. ఇండియన్ తెగలవాళ్లు చెయ్యనిదాన్ని వాళ్లు చేసిందని చెప్పి అమ్మితే నేరం. కానీ ఆ రక్షణ హవాయి మూలవాసులకి వర్తించదు. కూ నోటిని ఇన్ని పెరళ్లలో చెక్కుతున్నారు, కూ మనుషులకి మాత్రం ఆ చట్టంలో చోటు లేదు.

మన దగ్గరికి వద్దాం. మేడారంలో సమ్మక్కకి విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో గద్దెకి వస్తుంది. విగ్రహమే లేదు కాబట్టి మనల్ని ఎవరూ కాపీ కొట్టలేరని మాలో ఒకరన్నారు. ఇంకొకరు నవ్వి, క్యాలెండర్లలో పులి మీద కూర్చున్న సమ్మక్కని చూళ్లేదా అని అడిగారు. ఏ వడ్డె కూర్చోబెట్టాడు ఆమెని పులి మీద? ఆ క్యాలెండరు మా ఇళ్లలోనూ వేలాడుతోంది. అమెరికా పెరటి మీద కోపం తెచ్చుకున్నంత తేలిగ్గా దాని మీద కోపం రాలేదు మాకు.

మాలో ఒకరు పనిచేసే ఆశ్రమ పాఠశాలలో మొన్న గాలివానకి తాటిచెట్టు పడింది. దాన్ని ముక్కలు కోయించి, ఉలులు తెప్పించి, పిల్లలకి ఈ టికి వీడియోలు చూపించి, మన వేల్పుల్ని ఇలా చెక్కుదామా అన్నారు ఆ సారు. తొమ్మిదో తరగతి కోయ పిల్లవాడు ఉలి కింద పెట్టేశాడు. "వేల్పును నేను చెక్కకూడదు సార్. మా తాత వడ్డె. ఆయన్ని అడగాలి" అన్నాడు. అడిగి రమ్మన్నారు. రెండు ఆదివారాలు గడిచాక వచ్చి, తాత వద్దన్నాడని చెప్పాడు. ఎందుకు వద్దో ఒక పూటంతా కూర్చోబెట్టి కథగా చెప్పాడట. ఆ కథ ఇక్కడ చెప్పనన్నాడు. సారు కూడా అడగలేదు.

ఆ మొద్దు మీద పిల్లవాడు అడవిదున్న తల చెక్కాడు. అప్పటికి మొద్దు సగం ఎండిపోయింది. ఎడమ కొమ్ము పెచ్చుతో సహా ఊడిపోయింది. పక్క పిల్లలిద్దరు చేరి, మొద్దుని పడుకోబెట్టి పట్టుకుంటే, కొత్త నడిమి గీత గీసుకుని తలని ఒక అంగుళం లోపలికి జరిపాడు.