ఫార్మాట్‌కు ముందు ఒక ప్రశ్న

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఎన్నో. వాటి మధ్య చిన్న కంప్యూటర్ రిపేరు షాపుల్లో పనిచేసే మెకానిక్‌ల నేర్పును మెచ్చుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ వేయించుకోవడానికి విద్యార్థి వస్తే, పని తెలిసిన మెకానిక్ ముందు అడిగేది ఒకటే: "డీ డ్రైవ్‌లో ఏమున్నాయి తమ్ముడూ? బ్యాకప్ తీసుకున్నావా?"

ఆ ప్రశ్న విలువ పార్టిషన్ స్క్రీన్ చూస్తే తెలుస్తుంది. విండోస్ ఇన్‌స్టాలర్‌లో సీ, డీ అక్షరాలు కనిపించవు. ‘డ్రైవ్ 0 పార్టిషన్ 3’ అంటూ అంకెలు వస్తాయి. పైగా 1 టీబీ అని కొన్న డిస్క్ 931 జీబీగా కనిపిస్తుంది. కంపెనీ 1000 చొప్పున లెక్కిస్తే, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. మెకానిక్ సైజులు పోల్చి చూసుకుని, బూట్‌కు అవసరమైన చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ జోలికి పోకుండా, పాత విండోస్ ఉన్న భాగాన్నే తుడుస్తాడు. అనుమానం వస్తే రెండో డిస్క్‌ను ముందే ఊడదీసి పక్కన పెడతాడు.

ఈ జాగ్రత్తను ఇన్‌స్టాలర్లే నేర్చుకోవాలి. లినక్స్‌లో వాడే కాలమారిస్ ఇన్‌స్టాలర్ డిస్క్ ఇప్పుడెలా ఉందో, తర్వాత ఎలా మారుతుందో రంగుల పట్టీలతో పక్కాగా చూపిస్తుంది. అన్ని ఇన్‌స్టాలర్లూ ఆ పని చేయాలి. ఏ ఫోల్డర్లు పోతాయో పేర్లతో సహా, తెలుగులోనూ చెప్పాలి. అందాకా, బ్యాకప్ గురించి అడిగిన షాపులోనే మీ సిస్టమ్ ఇవ్వండి.