ఎందుకో కూడా రాయండి

కథనం వెనక్కి పంపడం డెస్కులో రోజూ ఉండే పనే. లీడ్ మార్చమంటాం, సగం కోసేస్తాం, ఒక్కోసారి మొత్తం పక్కన పడేస్తాం. చాలామంది నాలుగు తిట్లు తిట్టుకుని మళ్లీ రాసిస్తారు. మా దగ్గర రాసే ఓ కుర్రాడి సంగతి వేరు. ‘రేపు మాట్లాడదాం’ అని మెసేజ్ పెడితే చాలు, ఆ రాత్రి అతనికి నిద్ర ఉండదు. పొద్దున్నే వచ్చి, ‘నన్ను తీసేస్తున్నారా సార్?’ అంటాడు. నేను అడగాలనుకున్నది ఒక ఊరి పేరు గురించి!

అతనికి ఏడీహెచ్‌డీ ఉందని ఉద్యోగంలో చేరాకే తేలింది. ఆ మాట వినగానే మనకు కుదురుగా కూర్చోని పిల్లాడే గుర్తొస్తాడు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 కూడా ప్రధానంగా చూసేది నిలవని ధ్యాసను, అతి చురుకుదనాన్ని, తొందరపాటునే. చప్పున కోపం రావడం, మూడ్ మారిపోవడం అందులో అనుబంధ లక్షణాలే. పెద్దల్లో ఏడీహెచ్‌డీని తొలినాళ్లలోనే అధ్యయనం చేసిన పాల్ వెండర్ మాత్రం తన యూటా ప్రమాణాల్లో వాటికి చోటిచ్చాడు. తిరస్కారానికి ఇలా విలవిల్లాడడాన్ని ‘రిజెక్షన్ సెన్సిటివ్ డిస్ఫోరియా’ అంటూ ప్రచారంలోకి తెచ్చింది విలియం డాడ్సన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు. డీఎస్‌ఎంలో ఆ పేరు లేదు, దానిమీద పరిశోధనా తక్కువే. ఏడీహెచ్‌డీ ఉన్న అందరికీ ఇది ఉంటుందనీ కాదు, మాటపడితే నొచ్చుకునే ప్రతివాళ్లకూ ఏడీహెచ్‌డీ ఉన్నట్టూ కాదు.

నాకు పనికొచ్చిన వివరణ ఏడీహెచ్‌డీతో సంబంధం లేనిది. 1996లో జెరాల్డిన్ డౌనీ, స్కాట్ ఫెల్డ్‌మన్ రాసిన పరిశోధనా పత్రంలో ఉంది. కొందరు తిరస్కారం వస్తుందని ముందే భయపడతారట, చిన్న సూచన కనిపించినా అదేననుకుంటారట, ఆపైన తట్టుకోలేరట. చిన్నప్పటి నుంచీ ‘బద్ధకిస్టు’, ‘బుర్ర ఎక్కడ పెట్టావ్’ అనిపించుకుంటూ పెరిగినవాడు ‘రేపు మాట్లాడదాం’ అన్నదాన్ని ఎలా చదువుకుంటాడో ఊహించడం కష్టమేం కాదు.

అలాగని తప్పును చూసీచూడనట్టు వదిలేయను. పొగడ్తలో చుట్టి చెబితే ఇంకా ప్రమాదం, లోపలేముందోనని రాత్రంతా వెతుక్కుంటాడు. ‘మూడో పేరాలో లెక్క తప్పింది. మిగతాది వెళ్తుంది. 6 గంటల్లోపు సరిచేసి పంపు’ అని రాస్తాను. సరిచేస్తాడు, పంపుతాడు.

మీ కింద పనిచేసేవాళ్లలో ఎవరికి ఏముందో మీకు తెలియదు, వాళ్లు చెప్పుకోనక్కర్లేదు కూడా. ‘ఒకసారి నా క్యాబిన్‌కి రా’ అని మెసేజ్ పెట్టేటప్పుడు, ఎందుకో కూడా రాయండి.