జకార్డు అట్టకో దండం

పెంటియం ఎంఎంఎక్స్ ప్రచారానికి 1997లో ఇంటెల్ వదిలిన రంగురంగుల ‘బన్నీ పీపుల్’ బొమ్మల కోసం, చిప్పు పొదిగిన పాత కీచైన్ల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. ముద్దుగానే ఉంటాయి. కానీ ఆ కంప్యూటర్ వస్తువుల వంశానికి ముత్తాత జకార్డు మగ్గం చిల్లుల అట్ట. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు స్థిరపడ్డ భివండీ పద్మనగర్‌లో మగ్గం తెలిసినవాళ్లకు అదేమంత వింత కాదు.

లియాన్‌లో జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో తెచ్చిన పద్ధతి ఇది: చిల్లుంటే సూది దూరుతుంది, పడుగుపోగు లేస్తుంది. లేకుంటే లేవదు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. గళ్ల కాగితంపై డిజైన్ చూస్తూ చిల్లులు కొట్టే పనివాడికి చూపూ చేయీ ఒకటి కావాలి. ఒక్క చిల్లు తప్పిందా, అంచులో ప్రతి హంసకూ ముక్కు వంకరే!

కంప్యూటర్‌కు ఆద్యుడైన చార్లెస్ బాబేజ్ దగ్గర జకార్డ్ పట్టు చిత్తరువు ఒకటుండేది. దాన్ని నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. చూసినవాళ్లు అచ్చేసిన బొమ్మనుకునేవారు. కంప్యూటర్ చరిత్రలో మొదటి సేకర్త ఆయనే అనిపిస్తుంది.

భివండీలో ఎక్కువగా నేసేది కోరా గుడ్డే, దానికి అట్టలక్కర్లేదు. జకార్డు మగ్గం మీద మాత్రం తాడుతో వరసగా కుట్టిన అట్టల గొలుసు పైనుంచి వేలాడుతూ, ఒక్కో పేకకు ఒక్కో అట్ట చొప్పున జరుగుతుంటుంది.