ఇంటి నిల్వ సర్వరు: గుణదోష విమర్శ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణములలోను నేడు ఇంటింట ఫోటోలు, వీడియో పాఠములు, పాత పత్రముల నకళ్లు పేరుకొనుచున్నవి. వీనిని నెలనెల అద్దె చెల్లించి పరుల సర్వర్లలో దాచుటకు బదులు, ఇంటిలోనే ఒక పెట్టెలో దాచుకొనవచ్చునను ఆలోచన మెచ్చదగినదే. ఆ పెట్టెయే ఇంటి నిల్వ సర్వరు. అందు రెండో నాలుగో హార్డ్ డిస్కులు, వానిని నడుపు చిన్న కంప్యూటరు ఉండును. దానిని రౌటరుకు కలిపినచో ఇంటిల్లిపాదియు వాడుకొనవచ్చును. కలిపినంతనే పని తీరిపోవునని చెప్పి దీనిని అమ్ముచుందురు. ఆ మాట ఎంతవరకు నిజమో విచారింతము.

మొదటి చిక్కు లెక్కలో వచ్చును. నాలుగు టెరాబైట్లని కొనిన డిస్కు కొన్ని కంప్యూటర్లలో 3.64 అని మాత్రమే కనబడును. ఇది మోసము కాదు. తయారుచేయువారికి టెరా అనగా లక్ష కోట్లు. ఆ కంప్యూటర్లకు అది 2ను 40 మారులు గుణించగా వచ్చు సంఖ్య, అనగా 1,09,951 కోట్ల పైచిలుకు. ఒకే పేరునకు రెండు కొలతలుండుట కొనువానిని కలవరపెట్టును. ఈ సంగతి పెట్టెపైననే స్పష్టముగా ముద్రింపవలసియున్నది.

రెండవది విద్యుత్తు. డిస్కు తిరుగుచుండగా దానిని చదువు శీర్షము కొద్ది నానోమీటర్ల ఎత్తున మాత్రమే తేలియాడును. వ్రాయుచుండగా కరెంటు పోయినచో సమాచారము సగములో నిలిచి, ఏది ఎచ్చట నున్నదో తెలుపు పట్టిక చెడవచ్చును. భూపాలపల్లి చేరువన చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ తాప విద్యుత్ కేంద్రమున్నను, గాలివానకు వీధిలో తీగ తెగినచో ఆ ఇంటి పెట్టెకు ముప్పే. కనుక యూపీఎస్ తప్పనిసరి. దాని వెలను కూడ ఖర్చులో కలుపుకొనవలెను.

మూడవది చిరునామా. జనగామలో ఇల్లుండి మహబూబాబాదులో పనిచేయు ఉపాధ్యాయుడు తన పాఠములను బడిలో తెరువగోరుననుకొందము. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు 32 బిట్లవి. అవి సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలక పెక్కు కంపెనీలు అనేక గృహములను ఒకే చిరునామా వెనుక నిలుపుచున్నవి. అందువలన బయటనుండి వచ్చు పిలుపు ఇంటి పెట్టెను చేరదు. సూచనల పుస్తకము చెప్పినట్లు రౌటరులో ద్వారము తెరచినను ఫలితముండదు. చిరునామా దొరికినవారికి వేరొక ప్రమాదము కలదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అను దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్‌కు తెరచియుంచిన క్యూనాప్ నిల్వ పెట్టెలలో చొరబడి, ఫైళ్లకు తాళము వేసి సొమ్ము కోరినది. ద్వారము తెరచుటకంటె వీపీఎన్ అను రహస్య మార్గము మేలు.

అన్నింటికంటె పెద్ద లోపము ఒక భ్రమ. రెండు డిస్కులపై ఒకే సమాచారమును వ్రాయుట రైడ్ పద్ధతులలో నొకటి. రైడ్ అను పేరును 1988లో బర్క్లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రతిపాదించిరి. ఒక డిస్కు చెడినను పని ఆగకుండుటకే ఇది. పొరపాటున ఒక ఫైలును చెరిపినచో రెంటినుండియు పోవును. పిడుగు పడినను, దొంగ వచ్చినను రెండును పోవును. దీనిని భద్రమైన ప్రతియని నమ్ముట అద్దములోని బొమ్మను రెండవ మనిషియనుకొనుట వంటిది.

ఈ నియమము పెద్ద సంస్థలకును వర్తించును. తెలుగువాడైన ఆచార్య రాజ్ రెడ్డి ప్రోత్సాహముతో సాగిన పుస్తక యజ్ఞములో భాగముగ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెలసినది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందొక ముఖ్య కేంద్రము. తరువాత ఆ లైబ్రరీ వెబ్‌సైటు మూతపడినది. అయినను అందలి తెలుగు పుస్తకములెన్నో నేటికిని చదువ వీలగుచున్నదన్న, ఇతరులు వాని ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవులో ముందే ఉంచుటయే కారణము.

కావున ఇంటి సర్వరు నిరుపయోగమని కాదు. ఇంటిలోని వారందరు సమాచారమును పంచుకొనుటకు అది చక్కని సాధనము. కాని భద్రతకు అదొక్కటే చాలదు. వేరొక డిస్కుపై ప్రతి తీసి, దానిని వేరు ఊరిలోని బంధువుల ఇంట ఉంచవలెను. ఏడాదికి రెండు మారులైనను ఆ ప్రతినుండి కొన్ని ఫైళ్లను తిరిగి తెరచి చూడవలెను. పాఠశాలలో కంప్యూటరున్నచోట ఉపాధ్యాయులు ఈ పరీక్షను విద్యార్థులచేతనే చేయించవచ్చును. తెరచి చూడని ప్రతి పనికివచ్చునో రాదో చెప్పలేమని వారికి అప్పుడే బోధపడును.